గుర్తుపెట్టుకునే స్విచ్చి

గోడ మీది స్విచ్చి ఓ చిన్న జ్ఞాపకం. వేస్తే వేసినట్టే ఉంటుంది. 1884లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జాన్ హెన్రీ హోమ్స్ చేసిన స్విచ్చి కరెంటు దారిని చటుక్కున తెంపేది, నిప్పురవ్వకి వ్యవధి ఇవ్వకుండా. మనకి అలవాటైన ‘టిక్’ వెనక ఉన్నది ఆ ఆలోచనే.

ఆంధ్ర, ఒడిశా ఉమ్మడిగా కట్టిన మాచ్‌ఖండ్‌లో జలవిద్యుత్తు 1955లో మొదలైంది. ఉత్తరాంధ్ర ఇళ్లలో లాంతరు పక్కన క్రమంగా ఈ టిక్కూ చేరింది.

1975లో వచ్చిన ఎక్స్10 పద్ధతి ఇంటి తీగల మీదే సంకేతాలు పంపింది. స్విచ్చికీ దీపానికీ నేరుగా ఉన్న బంధం అక్కడ తెగింది. అప్పట్నించీ మీట ఆజ్ఞ పంపుతుందంతే; ఏ దీపం, ఎంత వెలుగు అన్నది మనం ముందే చెప్పి ఉంచాలి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరాన్ని దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి. ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు ఒక స్విచ్చి వేసే ఉంచుతాం, కరెంటొస్తే బల్బే చెబుతుందని.

ప్రోగ్రామ్ చేసే స్విచ్చికి ఈ తెలివి పుట్టుకతో రాదు. చాలావాటి సెట్టింగుల్లో ఓ ప్రశ్న ఉంటుంది: కరెంటు తిరిగొస్తే దీపం వెలగాలా, ఆరి ఉండాలా, పోయేముందు ఎలా ఉందో అలా ఉండాలా? పడగ్గదికి ఏది పెట్టుకున్నా సరే, వీధి గుమ్మం దీపానికి మాత్రం ‘వెలగాలి’ అనే పెట్టండి. ఇంటర్నెట్ లేకపోయినా గోడ మీది మీట పనిచేస్తుందో లేదో ముందే చూసుకోండి. తుపాను రాత్రి దీపం కోసం ఇంట్లో పెద్దవాళ్ల చెయ్యి తడిమేది ఫోన్ని కాదు, గోడని.