పార్లమెంటులో సభ్యుల సొంత బిల్లులు – కొంత చరిత్ర

మన సంఘం గత సమావేశంలో ఒక మిత్రుడు తీర్మానం పెట్టారు. కమ్యూట్ చేసిన పింఛను భాగాన్ని 15 ఏళ్ళకు బదులు 12 ఏళ్ళకే పునరుద్ధరించేలా మన చేవెళ్ళ ఎం.పి. గారిచేత పార్లమెంటులో బిల్లు పెట్టించాలని దాని సారాంశం. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం లేచి "ఆ బిల్లు అక్కడ నడవదు" అన్నాను. పూడూరులో ఎన్నో ఏళ్ళు పక్కపక్క కుర్చీల్లో పనిచేసిన మనిషి, ఆ రోజు టీ తాగకుండానే వెళ్ళిపోయారు. నలుగురిలో సరిగా చెప్పలేకపోయిన విషయాన్ని ఈ ప్రత్యేక సంచికలో రాస్తున్నాను.

మంత్రి కాని ఏ సభ్యుడైనా, పాలకపక్షం వాడైనా సరే, తన పేరుమీద తెచ్చే బిల్లును ప్రైవేటు సభ్యుని బిల్లు అంటారు. లోక్‌సభలో శుక్రవారం నాటి చివరి రెండున్నర గంటలు సభ్యుల సొంత పనికి కేటాయిస్తారు. ఎవరి బిల్లు ముందో చీటీలు తీసి నిర్ణయిస్తారు. ఆ వేళకు చాలామంది సభ్యులు ఊళ్ళ దారి పట్టి ఉంటారు. ఐదేళ్ళు నిండి లోక్‌సభ రద్దయితే అక్కడ పెండింగులో ఉన్న బిల్లులన్నీ మురిగిపోతాయి. మా దఫ్తరులో అయితే కనీసం 'ఎల్.డిస్.' అని రాసి, కట్ట కట్టి రికార్డు గదికి పంపేవాళ్ళం.

అమెరికాలో పిల్లలున్న మిత్రులు అక్కడి పద్ధతి వేరని చెబుతుంటారు. నిజమే. అక్కడి ప్రతినిధుల సభలో ఒకరు బిల్లు పెడితే మిగతావారు సహప్రతిపాదకులుగా పేర్లు చేర్చుకుంటారు. 1967లో 25 మంది వరకు అనుమతించారు, తరువాత ఆ పరిమితి కూడా తీసేశారు. ఫలానా సభ్యుడు ఎన్ని బిల్లులు పెట్టాడు, ఎన్నిటికి పేరు కలిపాడు అని అక్కడి ఓటర్లు లెక్క చూస్తారు. మన దగ్గర అంత లెక్క అక్కరలేదు. స్వాతంత్ర్యం వచ్చాక రెండు సభలూ దాటి చట్టమైన ప్రైవేటు బిల్లులు మొత్తం 14 మాత్రమే.

మొదటిది సయ్యద్ మహమ్మద్ అహ్మద్ కాజ్మీ 1952లో తెచ్చిన ముస్లిం వక్ఫుల బిల్లు. అది 1954లో చట్టమైంది. 1964లో రఘునాథ్ సింగ్ తెచ్చి నెగ్గించుకున్నదేమిటో తెలుసా? పార్లమెంటు సభ్యుల జీతభత్యాల సవరణ! తమ జీతం ఫైలు ఎవరికైనా తొందరగానే కదులుతుంది.

అప్పట్లో మన వికారాబాద్ పేరుతోనే ఒక లోక్‌సభ స్థానం ఉండేది. అక్కడి నుంచి 1957లోనూ, 1962లోనూ గెలిచినవారు సంగం లక్ష్మీబాయి గారు. స్వాతంత్ర్య సమరయోధురాలు, హైదరాబాదులో ఇందిరా సేవాసదన్ స్థాపించి అనాథ పిల్లలను పెంచిన మనిషి. ఆమె సభ్యురాలిగా ఉండగానే, 1960లో, అనాథాశ్రమాల పర్యవేక్షణకు దేశంలో చట్టం వచ్చింది. అది ప్రభుత్వం తెచ్చినది కాదు, కైలాస్ బిహారీ లాల్ అనే సభ్యుని సొంత బిల్లు. లెక్కాపత్రం లేకుండా పిల్లల పేరున చందాలు దండుకునేవారికి దానితో ఒక పట్టీ పడింది.

ఈ పద్నాలుగింటిలో నాకు పెద్దదిగా తోచేది ఫిరోజ్ గాంధీ గారిది. పార్లమెంటులో జరిగినది ఉన్నదున్నట్టు అచ్చువేసిన పత్రికలకు కోర్టు కేసుల భయం లేకుండా రక్షణ కల్పించే చట్టం అది, 1956 నాటిది. ఎమర్జెన్సీలో, 1976లో, ఆయన భార్య ప్రధానిగా ఉండగా దాన్ని రద్దు చేశారు. 1977లో జనతా ప్రభుత్వం తిరిగి తెచ్చింది. ఆ రోజుల్లో ఆఫీసుకు వచ్చే పేపరు ఎంత చప్పగా ఉండేదో నా వయసు వారికి గుర్తుండే ఉంటుంది.

చివరిది 1970 ఆగస్టులో చట్టమైంది. హైకోర్టు జడ్జిగా చేసిన ఆనంద్ నారాయణ్ ముల్లా తెచ్చిన బిల్లు. కింది కోర్టు విడిచిపెట్టిన మనిషికి హైకోర్టు పదేళ్ళో, యావజ్జీవమో శిక్ష వేస్తే, సుప్రీంకోర్టుకు అప్పీలు చేసుకునే హక్కు దానివల్ల వచ్చింది. ముల్లా సాహెబు ఉర్దూ కవి కూడా. అంతే, ఆ తరువాత ఒక్కటీ చట్టం కాలేదు. 2015లో తమిళనాడు సభ్యుడు తిరుచ్చి శివ ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల బిల్లును రాజ్యసభలో నెగ్గించారు గాని లోక్‌సభ దాటలేదు. అయితే ఆ తరువాత ప్రభుత్వమే తన బిల్లు తెచ్చి 2019లో చట్టం చేసింది. కాబట్టి ప్రైవేటు బిల్లు బొత్తిగా వృథా అని నేననను. కునుకు తీస్తున్న సెక్షనుకు అది ఒక రిమైండరు.

మన తెలుగువారి ఉదాహరణ చూడండి. కె.వి.పి. రామచంద్రరావు గారు ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కోసం పునర్విభజన చట్టాన్ని సవరించాలని 2015లో రాజ్యసభలో బిల్లు పెట్టారు. 2016లో అది చర్చకు వచ్చి సభ అట్టుడికింది. అప్పుడు ఆర్థిక మంత్రి జైట్లీ గారు ఇది ద్రవ్య బిల్లు, ఇక్కడ ఓటింగు కుదరదని అడ్డు చెప్పారు. మాట స్పీకరు దగ్గరికి పోయింది, ఓటింగు జరగలేదు. ఖజానా నుంచి డబ్బు కదిలే చోట సభ్యుని సొంత బిల్లు ఇలాగే ఆగుతుంది. రాష్ట్రపతి సిఫారసు లేనిదే ఖర్చుతో కూడిన బిల్లును సభ ఆమోదించరాదని 117వ అధికరణం చెబుతున్నది.

ఇక మన సంగతి. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో రాష్ట్ర జాబితా 42వ అంశం రాష్ట్ర పింఛన్లు. మన పింఛను నడిచేది 1980 నాటి పింఛను నియమాల మీద. వాటిని సవరించేది రాష్ట్ర ప్రభుత్వం, జి.ఓ. ద్వారా. ఢిల్లీలో ఎంత మంచి ఎం.పి. ఉన్నా ఆ ఫైలు ఆయన టేబుల్ మీదికి రాదు. కేంద్ర పింఛనుదారులకు కూడా ఈ 15 ఏళ్ళ పునరుద్ధరణ బిల్లు వల్ల రాలేదు. 'కామన్ కాజ్' సంస్థ వేసిన కేసులో 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో వచ్చింది. అంతకు నాలుగేళ్ళ ముందు నకారా కేసూ అంతే.

ఇదంతా రాసుకుని మిత్రుని ఇంటికి వెళ్ళాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, పాత అలవాటు కొద్దీ చేతిలో ఎర్ర సిరా పెన్నుతో మొత్తం చదివారు. రెండు చోట్ల అక్షర దోషాలు దిద్దారు. తరువాత తన తీర్మానం కాగితం తీసి, చిరునామా కొట్టివేసి 'ప్రిన్సిపల్ సెక్రటరీ, ఆర్థిక శాఖ, హైదరాబాదు' అని రాశారు.

"మరి ఎం.పి. గారికి?" అన్నారు.

"నకలు, సమాచారార్థం" అన్నాను.

అలాగే రాశారు. సంతకాలకు కాగితం సంఘం ఆఫీసులో ఉన్నది, ఈ నెలాఖరులోగా సభ్యులందరూ వచ్చి పి.పి.ఓ. నంబరు వేసి సంతకం చేయగలరు.