వేట రైఫిల్ స్కోప్

రైఫిల్ పైన బిగించి గురి చూడడానికి వాడే చిన్న దుర్భిణిని స్కోప్ అంటారు. ఇనుప గురితో కాల్చేటప్పుడు కన్ను మూడింటిని ఒకేసారి చూడాలి. వెనుక గాడి, బారెల్ చివరి మొన, ఎదుట ఉన్న జంతువు. ఈ మూడింటిలో ఏదో ఒకటే స్పష్టంగా కనిపిస్తుంది. స్కోప్‌లో జంతువు బొమ్మా గురి గీతలూ ఒకే తలంలో పడతాయి కనుక కంటికి ఆ అవస్థ ఉండదు. నలభై దాటిన కళ్లకు స్కోప్ చేసే పెద్ద ఉపకారం ఇదే, దూరాన్ని దగ్గర చేయడం ఆ తర్వాతి మాట.

నమ్మదగిన స్కోప్ ఏదంటే అమ్మేవారి లెక్క ఒకటి, అడవిలో వాడినవారి లెక్క ఇంకొకటి. క్యాటలాగులు వెలుగునూ, ఎన్ని రెట్లు పెద్దదిగా చూపుతుందన్న సంఖ్యనూ, అంటే శక్తినీ, ముందు పెడతాయి. వాడినవారు ముందుగా అడిగేవి రెండే. జీరో, అంటే ఒకసారి సరిచేసి పెట్టిన గురి, కదలకుండా ఉంటుందా? లోపల ఆవిరి పడుతుందా? ఈ వ్యాసం మొగ్గు వాడినవారి వైపే. బొమ్మ మసకగా ఉంటే వేటగాడు తుపాకి దించుకుంటాడు. జీరో కదిలిన సంగతి మాత్రం గాయపడ్డ జంతువు పొదల్లోకి పోయాకే తెలుస్తుంది.

తొలి రోజులు

మొదటి స్కోప్ ఎవరు చేశారన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని యూటికాలో తుపాకులు తయారుచేసిన మోర్గన్ జేమ్స్, ఆయనకు సలహాదారుగా చెప్పే జాన్ రాట్‌క్లిఫ్ చాప్‌మన్ పేర్లు తరచుగా ముందు వినిపిస్తాయి. కాలాన్ని కొందరు 1835 దగ్గర పెడితే, మరికొందరు 1840 దాటించారు. చాప్‌మన్ రాసిన పుస్తకం 1848లో అచ్చయింది. అచ్చులో ఉన్న గట్టి ఆధారం అదే కాబట్టి అంతకు ముందటి తేదీలను 'సుమారు' అన్న మాట చేర్చి చదువుకోవడం మేలు. 1850ల మధ్యలో సిరక్యూస్‌లో విలియం మాల్కమ్ చేసిన పొడవాటి స్కోపులు, రంగుల అంచులు తగ్గించిన లెన్సుల వల్ల, వీటికంటే మెరుగైనవి. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది గురికాండ్రు విట్‌వర్త్ రైఫిళ్ల పక్కన బిగించుకున్న స్కోప్ డేవిడ్సన్ పేరుతో ప్రసిద్ధం. ఈ డేవిడ్సన్ బొంబాయి సైన్యంలో అధికారిగా పనిచేసినవాడు.

ఐరోపాలో వేటకు పనికివచ్చే స్కోప్‌ను 1880లో ఆస్ట్రియాకు చెందిన ఆగస్ట్ ఫీడ్లర్ అనే అటవీ అధికారి తయారుచేశాడని చెబుతారు. వియన్నాలో కార్ల్ రాబర్ట్ కాలెస్ 1898లో కంపెనీ పెట్టాక అది పరిశ్రమగా నిలదొక్కుకుంది. అమెరికాలో సామాన్య వేటగాడి చేతికి స్కోప్ అందించిన ఘనత విలియం వీవర్‌ది. 1930లో వచ్చిన ఆయన 330 మోడల్ మౌంటుతో కలిపి 19 డాలర్లకు దొరికేది. సన్నని ట్యూబు, తక్కువ శక్తి ఉన్న ఆ స్కోప్ ఆర్థిక మాంద్యం రోజుల్లోనూ అమ్ముడుపోయింది.

తేమతో పోరు

ట్యూబు లోపలి గాలిలో తేమ ఉంటే, వెచ్చని గదిలోంచి చలిలోకి తెచ్చిన స్కోప్ లోపలి అద్దాలకు ఆ తేమ మంచులా పడుతుంది. పైన పట్టిన ఆవిరిని గుడ్డతో తుడుచుకోవచ్చు. లోపల పట్టినదానికి చేయగలిగేదేమీ లేదు. ఉత్తర దేశాలలో జింకల వేట కాలం చలి మొదలయ్యే నెలల్లోనే వస్తుంది కనుక ఇది ఏటా ఎదురయ్యే బాధ. 1940ల దాకా అనుభవజ్ఞులు చాలామంది రైఫిల్‌కు స్కోప్ ఉన్నా ఇనుప గురిని తీసేసేవారు కాదు. స్కోప్‌ను చిటికెలో విప్పడానికి వీలైన మౌంట్లనే కోరుకునేవారు.

ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో 1907లో సర్వే పరికరాల పనితో మొదలైన ల్యూపోల్డ్ కంపెనీ పేరు ఇక్కడ తప్పక వస్తుంది. వ్యవస్థాపకుని కుమారుడు మార్కస్ ల్యూపోల్డ్ ఒక జింకకు గురి పెట్టినప్పుడు స్కోప్ లోపల ఆవిరి కమ్మి దెబ్బ తప్పిందనీ, ఆ ఉక్రోషంతోనే స్కోపుల తయారీకి పూనుకున్నాడనీ కథ. దానికి మూలం కంపెనీయే కాబట్టి అంతమేరకే తీసుకోవాలి. ఖాయంగా చెప్పదగినవి వేరే ఉన్నాయి. ప్లెయిన్స్‌మన్ అనే వారి తొలి స్కోప్ 1947లో వచ్చింది. ట్యూబులోంచి గాలి తీసేసి, పొడి నైట్రోజన్ నింపి మూసే పద్ధతి ఆ దశకం చివరికి వారి స్కోపుల్లో స్థిరపడింది. పొడి వాయువు నింపడం యుద్ధకాలంలో సైనిక పరికరాలలో ఉన్నదే. వేట తుపాకి మీదికి దాన్ని తేవడమే ఇక్కడ కొత్త.

నైట్రోజన్ మేలా, ఆర్గాన్ మేలా అన్న చర్చకు పెద్ద విలువ ఇవ్వనక్కరలేదు. నింపింది ఏదైనా పొడిగా ఉండాలి, రబ్బరు రింగుల సీలు దాన్ని పట్టి ఉంచాలి. గోరువెచ్చని నీళ్లలో ముంచి చూడడం పాత పరీక్ష. ట్యూబు వెచ్చబడి లోపలి వాయువు వ్యాకోచిస్తుంది కనుక సీలు కారుతుంటే బుడగలు వరుసగా పైకి వస్తాయి. ముంచే ముందు వారంటీ కాగితం చదవాలి. తయారీదారు నీటి రక్షణకు హామీ ఇవ్వని స్కోప్‌ను అసలు ముంచకూడదు.

జీరో, దాన్ని పట్టి ఉంచేవి

ఒక నిర్ణీత దూరంలో గురి గీతలు కూడిన చోటా తూటా తగిలే చోటా ఒకటయ్యేలా సరిచేయడమే జీరో చేయడం. ఇందుకు స్కోప్ పైనా పక్కనా తిప్పే మరలుంటాయి. అమెరికన్ స్కోపుల్లో ఒక క్లిక్ సాధారణంగా కోణంలో పావు నిమిషం. ఒక నిమిషం 100 గజాల దగ్గర 1.047 అంగుళాలు, వాడుకలో అంగుళమనే అంటారు. ఐరోపా స్కోపుల్లో 100 మీటర్ల దగ్గర క్లిక్‌కు 1 సెంటీమీటరు లెక్క ఎక్కువగా కనిపిస్తుంది.

ఈ మరలు కదిపేది ట్యూబు లోపల ఉన్న ఇంకో చిన్న గొట్టాన్ని. దాన్ని ఎరెక్టర్ అంటారు, తలకిందులైన బొమ్మను తిరిగి నిలబెట్టే లెన్సులు దానిలోనే ఉంటాయి. మరలు ఒక వైపు నుంచి నెడితే ఎదురుగా ఒక స్ప్రింగ్ తిప్పి నెడుతుంది. తుపాకి తన్నిన ప్రతిసారీ దెబ్బంతా ఈ చోటే కాస్తుంది. స్ప్రింగ్ బలహీనమైతే క్లిక్ శబ్దం వినిపిస్తుంది గానీ గొట్టం కదలదు. రెండు మూడు తూటాలు పేలాక ఒక్కసారిగా కదులుతుంది. చవక స్కోపుల అసలు రోగం ఇదే, దుకాణంలో కిటికీలోంచి చూస్తే అది బయటపడదు.

బయటపెట్టేది చతురస్రపు పరీక్ష. స్థిరమైన ఆనుపు మీద తుపాకి పెట్టి మూడు తూటాలు కాల్చాలి. 20 క్లిక్కులు కుడికి తిప్పి, గురి మార్చకుండా మరో మూడు. అలాగే పైకి, ఎడమకు, కిందికి. చివరి మూడు గుంటలు మొదటి మూడింటితో కలవాలి, మధ్య దూరాలు లెక్కకు సరిపోవాలి. పదిహేను తూటాల ఖర్చు అనిపించినా, కొనుగోలుకు ఇంతకంటే మంచి సలహాదారు లేడు.

స్ప్రింగ్‌తో పనిచేసే ఎయిర్ గన్ ముందు వెనక్కీ, వెంటనే ముందుకీ తన్నుతుంది. వెనక్కి తన్నే దెబ్బకు మాత్రమే కట్టిన స్కోప్, పెద్ద రైఫిల్ మీద ఏళ్ల తరబడి నిలిచినదైనా, దానిమీద పాడైపోవచ్చు.

స్కోప్ మీద వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని నిజానికి మౌంటువి. బేస్ మరలు సడలినా, రింగుల వరుస తప్పి ట్యూబును వంచినా జీరో నిలవదు. రింగు మరలను చేతి బలంతో కాక, టార్క్ కొలిచే స్క్రూడ్రైవర్‌తో తయారీదారు చెప్పినంతే బిగించాలి. చాలా రింగులకు అది 15 నుంచి 20 అంగుళ-పౌండ్ల మధ్య ఉంటుంది. మధ్య ఐరోపాలో గోళ్లలాంటి కొక్కేలతో తగిలించే సూల్ పద్ధతి ఇంకా గౌరవం పొందుతోంది. పనివాడు చేత్తో అమర్చాలి కనుక ఖరీదెక్కువ. విప్పి మళ్లీ పెట్టినా జీరో తిరిగి రావడం దాని గొప్ప.

వెలుగు, శక్తి

పూత లేని లెన్సు ప్రతి ఉపరితలం దగ్గరా సుమారు 4 శాతం కాంతి వెనక్కి పోతుంది. అలాంటి ఉపరితలాలు పది ఉంటే మూడో వంతు కాంతి కంటికి చేరదు. జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మాకులా 1935లో కనిపెట్టిన పూత ఈ నష్టాన్ని బాగా తగ్గించింది. యుద్ధం తర్వాతి స్కోపులన్నీ దానికి రుణపడినవే.

ముందు లెన్సు వ్యాసాన్ని శక్తితో భాగిస్తే కంటికి చేరే కాంతి చుక్క వ్యాసం వస్తుంది. చీకట్లో యువకుల కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది, వయసుతో తగ్గుతుంది. జర్మనీలో మంచెల మీద కూర్చొని మునిమాపు వేళ అడవిపందుల కోసం కాచేవారు 8×56 స్కోప్‌ను ఎందుకు ఎంచుకున్నారో దీన్నిబట్టి అర్థమవుతుంది. 56ను 8తో భాగిస్తే సరిగ్గా 7. 3–9×40 స్కోప్‌ను 9 మీద పెడితే ఆ చుక్క 4.4కు పడిపోతుంది. అదే స్కోప్‌ను 5 మీదికి దించితే 8. సాయంత్రం బొమ్మ నల్లబడితే కొత్త స్కోప్ కొనే ముందు శక్తి తగ్గించి చూడాలి. క్యాటలాగుల్లో ముద్రించే 'సంధ్యా గుణకం' శక్తిని వ్యాసంతో గుణించి తీసిన వర్గమూలం మాత్రమే. గాజు ఎంత మంచిదో అది చెప్పదు.

శక్తి ఎంత కావాలన్నదానిపై పాతవారి మాటే ఈ సంకలనకర్తకు నచ్చుతుంది. అమెరికాలో ఔట్‌డోర్ లైఫ్ పత్రికలో తుపాకుల గురించి దశాబ్దాల పాటు రాసిన జాక్ ఓ'కానర్ కొండగొర్రెల వేటకు కూడా 4 రెట్ల స్కోప్ చాలన్నాడు. శక్తి పెరిగేకొద్దీ కనిపించే మేర కుంచించుకుపోతుంది, చేతి వణుకూ పెద్దదవుతుంది.

గీతల విషయానికొస్తే, అంచుల్లో లావుగా మధ్యలో సన్నగా ఉండే డ్యూప్లెక్స్ 1962లో ల్యూపోల్డ్ తెచ్చినది, ఇప్పుడు రకరకాల పేర్లతో అంతటా ఉంది. శక్తి మార్చగల ఐరోపా స్కోపుల్లో గీతలు బొమ్మతో పాటు లావెక్కే పద్ధతి చాలాకాలం సాగింది. అమెరికా వారు మారని గీతలనే ఇష్టపడ్డారు. కంటికీ స్కోప్‌కూ మధ్య ఎడం 3.5 అంగుళాలకు తగ్గకూడదు. గట్టిగా తన్నే తుపాకి మీద అంతకు తగ్గితే కనుబొమ మీద అర్ధచంద్రాకారపు గాయం తప్పదు.

భారతదేశంలో

ఇక్కడి పాత వేట సాహిత్యంలో స్కోప్ అరుదు. దట్టమైన పొదల్లో దూరాలు తక్కువ. 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు జిమ్ కార్బెట్‌కు బహూకరించిన .275 రిగ్బీ రైఫిల్‌కు ఉన్నవి ఇనుప గురులే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో జరిగిన సవరణ వినోదపు వేటకు తెర దించాయి. మనుషుల ప్రాణాలకు ముప్పుగా మారిన జంతువుల విషయంలో ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి రాతపూర్వక అనుమతి మాత్రం మిగిలింది. తెలుగు రాష్ట్రాల్లో రైఫిల్ అనుభవం ఉన్నవారిలో ఎక్కువమంది పోలీసు, సైనిక, క్రీడా రంగాల వారే. ఇప్పటి ఒలింపిక్ రైఫిల్ పోటీల్లో స్కోప్‌కు చోటు లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో లక్ష్యాన్ని పెద్దదిగా చూపే గురిని నిబంధనలు ఒప్పుకోవు, సన్నని రంధ్రంలోంచే చూసి కాల్చాలి.