మా పెద్దతాత పేరు ఏ పుస్తకంలో ఉంది?

సావనీరుకు ఏదైనా రాయమని సమాఖ్య వాళ్ళు అడిగినారు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివి మగ్గం గుంటలో దిగినవాణ్ణి. ఆ తరువాత సంఘం లెక్కలు రాసినవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన లెక్కల పుస్తకాల మీదనే రాస్తాను. రూపాయల లెక్క కాదు, మనుషుల లెక్క.

మన సభల్లో ఎవరు మైకు పట్టుకున్నా "లాంకషైర్ మిల్లు మన నోటికాడ కూడు లాక్కునింది" అని మొదలుపెడతారు. అది అబద్ధం కాదు. 1913లో ఒక్క ఏడాదిలో బ్రిటన్ నుంచి మన దేశంలో దిగిన మిల్లు గుడ్డ సుమారు 300 కోట్ల గజాలు. ఆ లెక్క ముందర మన మగ్గం ఎంత, మన నాడె ఎంత? అయితే ఆ మిల్లులో నిలబడి ఆ గుడ్డ నేసింది ఎవరు అని మనం ఎప్పుడూ అడగలేదు. నేనూ అడగలేదు, మా అక్క కొడుకు ఫోను చేసేదాకా.

వాడు మాంచెస్టరు దగ్గర కంప్యూటరు పనిలో ఉన్నాడు. వాడుండే వీధిలో ఒక ముసలామె, మనవి నేతోళ్ళ ఇండ్లని తెలిసి, తనదీ నేతోళ్ళ వంశమే అని ఒక కాగితం తెచ్చి చూపించిందంట. 1881 జనాభా లెక్కల కాగితం. అందులో ఇంటి నంబరు, మొగుడు పేరు, పెండ్లాం పేరు, పిల్లల పేర్లు, వయసు, పుట్టిన ఊరు, చేసే పని అన్నీ ఉన్నాయి. పెండ్లాం పేరుకు ఎదురుగా "నూలు గుడ్డ నేత" అని ఉంది. పదకొండేళ్ళ పిల్ల పేరుకు ఎదురుగా "సగంపూట మిల్లు" అని ఉంది.

"మామా, మన జేజి వాళ్ళమ్మ పేరు ఏంది?" అని వాడు అడిగినాడు.

నాకు తెలీదు. గోత్రం చెప్పగలను, ఇంటిపేరు చెప్పగలను, ముత్తాత పేరు చెప్పగలను. జేజి వాళ్ళమ్మ పేరు చెప్పలేకపోయినాను. మీలో ఎంతమంది చెప్పగలరో ఒకసారి లెక్క వేసుకోండి.

ఇంగ్లండులో 1837 నుంచి పుట్టుక, పెండ్లి, చావు సర్కారు పుస్తకంలో రాస్తా వచ్చినారు. 1841 నుంచి ప్రతి పదేండ్లకు ఇంటింటి జనాభా లెక్కలో పేర్లు ఎక్కించినారు. నూరేండ్లు దాటినాక ఆ కాగితాలు జనానికి చూపిస్తారు. 1921 నాటివి 2022లో తెరిచినారు. మన దేశంలో కూడా జనాభా లెక్కలు తీస్తారు, ఇంటికొచ్చి పేరు రాసుకుంటారు, కాని ఆ కాగితాలు మన చేతికి రావు. ఎన్ని మగ్గాలు, ఎంతమంది నేతగాళ్ళు అనే మొత్తం మాత్రం అచ్చు వేస్తారు. మనం ఆ మొత్తంలో ఒక అంకె.

ఇంక ఆ మిల్లు మనుషుల సంగతి. వాండ్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు. వాండ్ల తాతలు మన మాదిరి ఇంట్లో మగ్గం పెట్టుకుని నేసినవాండ్లే. నూలు పడుగు తెగకుండా ఉండాలంటే తేమ కావల్ల కదా, అందుకని మనం గుంట మగ్గం పెట్టుకున్నాం, వాండ్లు ఇంటి కింద నేలమాళిగలో మగ్గం పెట్టుకున్నారు. ఇప్పుడు మనం తాడు లాగితే అటూ ఇటూ పరిగెత్తే నాడె ఉంది కదా, అది 1733లో జాన్ కే అనే ఆయన చేసింది. ఆయనది లాంకషైర్‌లో బరీ అనే ఊరు. ఆయన దేశం విడిచి ఫ్రాన్సుకు పోయి అక్కడే చనిపోయినాడు. ఆయన నాడె మాత్రం మన ఇండ్లలో ఈ రోజుకూ తిరుగుతా ఉంది.

మరమగ్గం వచ్చినాక వాండ్ల ఇంటి మగ్గాలకు కూలి పడిపోయింది. 1820 ప్రాంతంలో అక్కడ నూలు చేనేతగాళ్ళు రెండు లక్షల పైన ఉండేవాళ్ళు. నలభై ఏండ్లలో కొన్ని వేలకు దిగిపోయినారు. 1826 ఏప్రిల్‌లో ఆకలి తట్టుకోలేక అక్రింగ్టన్, బ్లాక్‌బర్న్ వైపు జనం గుంపులుగా పోయి వెయ్యికి పైగా మరమగ్గాలు పగలగొట్టినారు. సైన్యం కాల్చింది, మనుషులు చచ్చినారు. ఇదంతా మన సాలెపేటల్లో విన్న కథ మాదిరిగానే లేదా? మొదుట వాండ్ల మగ్గం చచ్చింది, తరువాత మన మగ్గం చచ్చింది. వాండ్ల పిల్లలే పోయి ఆ మరమగ్గాల ముందర నిలబడినారు. ఎందుకంటే వేరే దారి లేదు.

బర్న్లీ అనే ఒక్క ఊర్లో మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు దాదాపు లక్ష మరమగ్గాలు ఉండేవి. ఆ మోతలో మాట వినపడదు. అందుకని ఆడవాళ్ళు పెదవులు కదిపి, చేతులు తిప్పి మాట్లాడుకునేవాళ్ళు. మిల్లు వదిలి ఇంటికొచ్చినా ఆ అలవాటు పోయేది కాదంట. నాడె కంటిలో దారం ఎక్కించాలంటే నోరు పెట్టి పీల్చాల్సి వచ్చేది. రోజుకు వందల సార్లు పీలిస్తే పండ్లు పాడైపోయేవి, ఒకరి రోగం ఇంకొకరికి అంటేది. పిల్లల సంగతి చెప్పినాను కదా, సగంపూట మిల్లు, సగంపూట బడి. ఆ పద్ధతి తీసేయడానికి 1918లో చట్టం రావాల్సి వచ్చింది. మన పిల్లలు బడి ఎగ్గొట్టి కండెలు చుట్టిన కాలం గుర్తున్నవాళ్ళకు దీని గురించి నేను ఎక్కువ చెప్పనక్కరలేదు.

ఒక్క విషయంలో మాత్రం వాండ్ల ఆడవాళ్ళు మన ఆడవాళ్ళకంటే ముందుండినారు. వాండ్ల కూలి వాండ్ల పేరు మీద వచ్చేది. దీని గురించి మళ్ళీ చెప్తాను.

ఇప్పుడు మన వైపు చూద్దాం. కృష్ణగిరి, హోసూరు అప్పుడు సేలం జిల్లాలో ఉండేవి. బారామహల్ 1792లో టిప్పు చేతి నుంచి కంపెనీకి పోయింది. దేవాంగులు, పద్మశాలీలు, తొగటలు ఈ నేల మీద అప్పటికే నేస్తా ఉన్నారు. మిల్లు గుడ్డ మనకు పోటీ వచ్చింది నిజమే గాని, మిల్లు నూలు మన మగ్గాల మీదికే వచ్చింది. రాట్నం నూలు పోయి సీమ నూలు వచ్చింది. మనం "నలభై నంబరు", "అరవై నంబరు" అంటాం కదా, ఆ నంబరు ఎక్కడిది? 840 గజాల చిలపలు ఒక పౌను బరువుకు ఎన్ని తూగితే అంత నంబరు. నలభై చిలపలు తూగితే నలభై. అది ఇంగ్లీషు మిల్లుల కొలత. మన సంఘం స్టాకు పుస్తకంలో ఈ రోజుకూ ఆ నంబర్లే రాస్తాం.

ఆ సీమ గుడ్డకు బరువు రావడానికి గంజిలో తెల్లమట్టి కలిపేవాళ్ళు. ఒక ఉతుకు ఉతికితే మట్టి నీళ్ళలో పోయి గుడ్డ పలచబడేది. మన గంజి ఎంత సుద్ధమో ఇక్కడ ఒక మాట చెప్పుకోవడంలో తప్పులేదు.

తరువాత 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. కరువులో జనం మొదట మానుకునేది గుడ్డ కొనడం, అందుకని నేతోడికి దెబ్బ ముందుగా తగులుతుంది. 1871కీ 1881కీ మధ్య సేలం జిల్లా జనాభా మూడున్నర లక్షలకు పైగా తగ్గింది. చచ్చినవాళ్ళు ఎందరో, ఊరు విడిచినవాళ్ళు ఎందరో. ఆ కాలంలోనే మదరాసులో బకింగ్‌హాం మిల్లు 1876లో, కర్నాటిక్ మిల్లు 1881లో లేచినాయి. బెంగుళూరులో 1884లో ఉన్ని, నూలు, పట్టు మిల్లు వచ్చింది. తరువాత అది బిన్నీ వాళ్ళ చేతికి పోయి బిన్నీ మిల్లు అయింది. హోసూరు నుంచి బెంగుళూరు పాతిక మైళ్ళు. కాళ్ళుంటే చాలు.

మా తాతకు అన్న ఉండేవాడు, మా పెద్దతాత. మొదటి యుద్ధం రోజుల్లో ఆయన ఇంట్లో మగ్గం తమ్ముడికి వదిలేసి బెంగుళూరు మిల్లుకు పోయినాడు. సైన్యానికి కంబళ్ళు, ఖాకీ గుడ్డ కావల్ల, మిల్లులో చేతులు కావల్ల. మా జేజి చెప్పేది: పండగకు ఊరికొస్తే ఆయన అందరితోనూ అరిచి మాట్లాడేవాడంట. కోపం అనుకునేవాళ్ళంట ఊర్లో. కోపం కాదు, చెవులు పోయినాయి. తల నిండా దూది, రాత్రిళ్ళు దగ్గు. నెలకు ఒకసారి డబ్బు పంపేవాడు, ఆ డబ్బుతో ఇంట్లో నూలు కొనేవాళ్ళు. అంటే మిల్లు కూలి మగ్గాన్ని బతికించింది. ఈ సంగతి సభల్లో ఎవరూ చెప్పరు.

అప్పట్లో మిల్లు జనం నోరు లేనివాళ్ళు కాదు. 1918 ఏప్రిల్ 27న మదరాసులో బి.పి. వాడియా, తిరు వి.క. లాంటివాళ్ళు కలిసి మదరాసు లేబర్ యూనియన్ పెట్టినారు. మన దేశంలో పద్ధతిగా నడిచిన మొదటి కార్మిక సంఘం అదే అంటారు. 1921లో బకింగ్‌హాం, కర్నాటిక్ మిల్లుల సమ్మె నెలల తరబడి సాగింది.

సర్కారు కూడా చేనేతను షెడ్డులోకి తేవాలని చూసింది. 1906లో చాటర్టన్ అనే దొర సేలంలో చేనేత కర్మాగారం పెట్టించినాడు. తాడు నాడె మగ్గాలు, గంట కొడితే పని, గంట కొడితే అన్నం. మనవాళ్ళకు అది నచ్చలేదు. ఇంట్లో అయితే పెండ్లాం కండె చుడుతుంది, అమ్మ ఆసు పోస్తుంది, పిల్లోడు దారం అందిస్తాడు. షెడ్డులో ఒక్కడే. కొన్నేండ్లకే అది మూతపడింది.

రైలు సంగతి కూడా ఒక మాట. 1905లో తిరుపత్తూరు నుంచి కృష్ణగిరికి, 1913లో ధర్మపురి నుంచి హోసూరుకు చిన్న రైలు వచ్చింది. కరువు వస్తే గింజలు తేవడానికని వేసినారు. తరువాత ఆ లైన్లు మూసేసినారు. హోసూరుకు మళ్ళీ రైలు వచ్చింది, కృష్ణగిరి టవునుకు మాత్రం రాలేదు.

లాంకషైర్‌కు కూడా ఆకలి రోజులు వచ్చినాయి. 1861లో అమెరికాలో యుద్ధం మొదలై పత్తి ఆగిపోతే నాలుగేండ్లు మిల్లులు పడుకున్నాయి. అప్పుడు మన సూరతు పత్తి తెప్పించుకున్నారు. అది పొట్టి పీచు, ఊరికే తెగేది, నేసేవాళ్ళు దాన్ని తిట్టుకున్నారు. మళ్ళీ 1930 నాటికి మన స్వదేశీ ఉద్యమంతోను, జపాను పోటీతోను మిల్లులు మూతపడతా వచ్చినాయి. 1931 సెప్టెంబరులో గాంధీ అక్కడికే పోయినాడు. డార్వెన్ ఊర్లో మిల్లు ఆడవాళ్ళు ఆయన చుట్టూ చేరి చేతులెత్తి కేకలేసిన ఫోటో మీరు చూసే ఉంటారు. పని పోగొట్టుకున్న జనం, ఆ పని పోవడానికి ఒక కారణమైన మనిషి. వాండ్ల కష్టం ఆయన విన్నాడు, మన దేశంలో ఆకలి ఎంత ఉందో చెప్పినాడు.

మన తొరపల్లిలో పుట్టిన రాజాజీ 1952 తరువాత ముఖ్యమంత్రిగా ఉండి పంచె, చీర చేనేతకే వదలాలని ఢిల్లీతో వాదించినాడు. దాని మీద రాయాలంటే వేరే వ్యాసం కావల్ల. మిల్లులు కూడా నిలబడలేదు. మదరాసు మిల్లు పోయింది, బెంగుళూరు బిన్నీ జాగాలో అపార్టుమెంట్లు లేచినాయి, మల్లేశ్వరం రాజామిల్లు జాగాలో పెద్ద మాల్ ఉంది. 1980 తరువాత మన పిల్లలు సిప్కాట్‌కు పోయినారు, లేలాండు, టైటాన్ గేటు ముందర నిలబడినారు. పెద్దతాత నడిచిన దారిలోనే కంపెనీ బస్సు పోతా ఉంది.

ఇప్పుడు పుస్తకాల సంగతి. మిల్లులో పెద్దతాతకు ఒక ఇత్తడి బిల్ల ఇచ్చినారంట. దాని మీద పేరు లేదు, నంబరు ఉండేది. ఆ బిల్ల ఏమైందో ఇంట్లో ఎవరికీ తెలీదు. మిల్లు హాజరు పుస్తకాలు మిల్లుతోనే పోయినాయి. మన చేతిలో మిగిలింది సంఘం పుస్తకాలే: సభ్యత్వ రిజిస్టరు, వాటా దరఖాస్తులు, కూలి పట్టీలు. మా సంఘంలో అవి తమిళంలో ఉన్నాయి. మన ఇంటిపేర్లు తమిళ అక్షరాల్లో వంకర పోయి ఉంటాయి, నోటితో చదివితే గాని పట్టుబడవు. పక్క ఊర్లో ఒక సంఘం మూసేసినప్పుడు ఆ పుస్తకాలు కాగితాల వ్యాపారికి కిలోల లెక్కన పోయినాయి.

సభ్యత్వ రిజిస్టరు తెరిస్తే అన్నీ మగవాళ్ళ పేర్లే. ఆసు పోసినామె, కండె చుట్టినామె, గంజి పెట్టినామె పేరు లేదు. కూలి పట్టీలోనూ లేదు. అయితే వాటా దరఖాస్తులో చివర ఒక గడి ఉంది, సభ్యుడు చనిపోతే వాటా ఎవరికి అని. అందులో భార్య పేరు, లేకపోతే తల్లి పేరు రాసి ఉంటారు. మా జేజి అసలు పేరు నాకు అక్కడే దొరికింది. బతికినన్నాళ్ళు అందరూ "పెద్దామె" అనే పిలిచినారు.

ఆ గడిలో ఉన్న పేర్లను ఇప్పుడు వేరే నోటు పుస్తకంలో తెలుగులో ఎత్తి రాస్తా ఉన్నాను. మన సంఘాల కార్యదర్శులు కూడా వాళ్ళ పాత దరఖాస్తులు పారేయకుండా ఆ గడి చూడండి. ఇంట్లో మిల్లు బిల్ల, కూలి చీటీ, గేటు పాసు, యూనియన్ రసీదు ఏదైనా ఉంటే ఫోనుతో ఫోటో తీసి సమాఖ్య ఆఫీసుకు పంపండి. ఫోటో వెనక మనిషి పేరు, ఎవరి కొడుకు, ఎవరి కోడలు, ఏ ఊరు, ఏ మిల్లు అని రాసి పంపండి. పేరు తెలీకపోతే నంబరు రాసినా సరే.