రక్తపరీక్షలో అంకెలు

2021 ఏప్రిల్, మే నెలల్లో మన సిరవారలోనూ, చుట్టుపక్కల క్యాంపుల్లోనూ కొన్ని కొత్త మాటలు వాడుకలోకి వచ్చాయి: సి.ఆర్.పి., డి-డైమర్, ఫెరిటిన్. కాలువ నీళ్ళ గురించీ, వడ్ల ధర గురించీ మాట్లాడుకునేచోట "మీకెంత వచ్చింది?" అంటే రక్తపరీక్షలో వచ్చిన అంకె అని అర్థమయ్యేది. ఆ రోజుల్లో నగలు కుదువ పెట్టడానికి బ్యాంకుకు వచ్చినవారిలో ఈ పరీక్షల ఖర్చుకోసం వచ్చినవారూ ఉన్నారు. అంతగా కంగారుపెట్టిన ఆ అంకెలు ఎక్కడ పుట్టాయో, ఎంతవరకు నమ్మదగినవో తెలుసుకోవడం అవసరం.

జబ్బు తీవ్రతను రక్తంలో చూడాలన్న ఆలోచన పాతదే. గడ్డకట్టకుండా చేసిన రక్తాన్ని గొట్టంలో నిలబెడితే, జబ్బు మనిషి ఎర్రకణాలు త్వరగా అడుగుకు దిగుతాయని 1897లో పోలెండు వైద్యుడు బియెర్నాట్‌స్కీ గమనించాడు. 1921లో స్వీడన్ వైద్యుడు వెస్టర్‌గ్రెన్ క్షయరోగుల్లో ఆ వేగాన్ని కొలిచే పద్ధతిని స్థిరపరిచాడు. చిన్న ల్యాబుల్లో నేటికీ చేసే ఇ.ఎస్.ఆర్. అదే. రక్తంలోని ఫాస్ఫరస్‌ను రంగునుబట్టి కొలిచే పద్ధతిని 1925లో అమెరికాలో ఫిస్కేతో కలిసి ప్రకటించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. రక్తంలోని ఒక్కొక్క పదార్థానికీ లెక్క కట్టడం నేర్చుకుంటున్న కాలమది.

1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగులను పరిశీలించారు. ఆ జబ్బు కలిగించే సూక్ష్మజీవి నుంచి తీసిన 'సి' అనే పదార్థాన్ని రోగి రక్తరసంలో కలిపితే అది విరిగి అడుగున పేరుకునేది. జబ్బు తగ్గాక తీసిన రక్తంలో అలా జరిగేది కాదు. సి.ఆర్.పి. కథ అక్కడ మొదలైంది. దాన్ని తయారుచేసేది మన కాలేయమేననీ, శరీరంలో ఎక్కడ వాపు వచ్చినా అది పెరుగుతుందనీ తర్వాత తేలింది. పంటికింద చీము పట్టినా, కీళ్ళు వాచినా పెరగవచ్చు. డి-డైమర్ అంటే రక్తపు గడ్డ కరిగేటప్పుడు మిగిలే తునక. గర్భిణుల్లో, వృద్ధుల్లో, ఆపరేషన్ అయినవారిలో కూడా అది ఎక్కువగా ఉంటుంది. ఫెరిటిన్ ఇనుమును దాచిపెట్టే ప్రొటీను. వీటిలో ఏదీ కోవిడ్‌కు మాత్రమే చెందినది కాదు.

2020 మార్చిలో వూహాన్ వైద్యులు 191 మంది రోగుల వివరాలు లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఆసుపత్రిలో చేరేనాటికే డి-డైమర్ మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రాము దాటినవారిలో మరణాలు ఎక్కువని అందులో తేలింది. అయితే వారందరూ ఆసుపత్రిలో చేరవలసి వచ్చినవారు. కొద్దిపాటి దగ్గుతో ఇంట్లో ఉన్నవారికి ఆ లెక్కను అలాగే వర్తింపజేయలేము.

ఈ అంకె ఎప్పుడు పనికివస్తుందో బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' పరిశోధన 2021లో చూపింది. ఆక్సిజన్ తగ్గి, సి.ఆర్.పి. లీటరుకు 75 మిల్లీగ్రాములు లేదా అంతకుమించి ఉన్నవారికి టోసిలిజుమాబ్ మందు ఇచ్చారు. 28 రోజుల్లో మరణాలు నూటికి 35 నుంచి 31కి తగ్గాయి. అంటే అంకె ఒక్కటే చాలలేదు, ఆక్సిజన్ కొరత కూడా చూశారు. అదే పరిశోధనలో, ఆక్సిజన్ అవసరం లేనివారికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వల్ల మేలు కనిపించలేదు.

జబ్బు స్వల్పంగా ఉండి, ఆక్సిజన్ సరిగా ఉన్నవారికి ఈ రక్తపరీక్షలూ, స్కానులూ అవసరం లేదని 2021 మే నెలలో ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరుగా ఉన్న గులేరియా హెచ్చరించారు. అంకె చూసి భయపడి తొందరగా స్టెరాయిడ్ మొదలుపెడితే కీడే జరగవచ్చునన్నారు. ఆ నెలలోనే దేశమంతటా నల్ల ఫంగస్ కేసులు పెరిగాయి. చక్కెర వ్యాధి ఉండి, స్టెరాయిడ్లు వాడినవారే అందులో ఎక్కువ.

కామర్సు చదివినవాణ్ణి కనుక నాకు తోచేది ఇది. ఆస్తి అప్పుల పట్టీ ఆ ఒక్కరోజు స్థితినే చెబుతుంది. ఒక్క పద్దు చూసి వ్యాపారం మునిగిందనో, తేలిందనో అనలేము. అంకెలు వేలల్లో ఉన్నాయా, లక్షల్లో ఉన్నాయా అన్నది కూడా చూడాలి. రక్తపరీక్షా అంతే. లీటరుకు 75 మిల్లీగ్రాములన్నా, డెసిలీటరుకు 7.5 అన్నా ఒకటే. కొలమానం చూడకుండా పక్కింటివారి అంకెతో పోల్చుకుంటే లేని భయమో, లేని ధైర్యమో మిగులుతుంది.

కనుక ఊపిరి ఎలా ఆడుతోంది, ఆక్సిజన్ ఎంత ఉంది, వయసెంత, చక్కెర వ్యాధి ఉందా అన్నవి ముందు చూడవలసినవి. రక్తపరీక్ష అవసరమో కాదో వైద్యుడు చెప్పాలి. చేయించినవారు తేదీతో సహా ఆ కాగితం భద్రపరచి, తర్వాతి పరీక్షతో పోల్చి చూడమని ఆయనకే ఇవ్వాలి. నగ కుదువ పెట్టేముందు ఈపాటి విచారణ చేసుకోవడం ఇంటికీ, ఒంటికీ మంచిది.