పిల్లుల గుండెజబ్బు: కొంత చరిత్ర, కొంత జాగ్రత్త

రెండేళ్ళ పిల్లి. నిన్నటి దాకా కిటికీ మీది నుంచి అలమర మీదికి దూకుతూనే ఉంది. టీకా కోసం తీసుకువెళితే పశువైద్యుడు ఛాతీ మీద స్టెతస్కోపు ఉంచి, గుండెలో మర్మరధ్వని వినిపిస్తున్నదనీ, ఎకో తీయించడం మంచిదనీ అంటాడు. ఎకోలో ఎడమ జఠరిక గోడ మందంగా ఉన్నదని తేలుతుంది. ఇంటివారికి మొదట కలిగేది దుఃఖం కాదు, ఆశ్చర్యం. పిల్లికి గుండెజబ్బేమిటి, అందులోనూ ఈ వయసులో?

ఆ ప్రశ్నకు యాభై అరవై ఏళ్ళ కిందట వైద్యుల దగ్గర కూడా సరైన సమాధానం లేదు. ఈ జబ్బు పిల్లులలో గుర్తింపు పొందక ముందే మనుషులలో గుర్తింపు పొందింది. 1958లో లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రికి చెందిన రోగనిర్ధారణ శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ టేర్ ఎనిమిది మంది యువతీయువకుల గుండెలను వర్ణిస్తూ ఒక వ్యాసం ప్రకటించాడు. వారిలో ఎక్కువమంది హఠాత్తుగా మరణించినవారే. రక్తపోటు లేదు, కవాటాల లోపమూ లేదు. అయినా గుండె గదుల మధ్య గోడ అసాధారణంగా బలిసి ఉంది. గోడ బలిసినకొద్దీ గుండె బలపడుతుందనుకోవడం పొరపాటు. లోపలి గది ఇరుకవుతుంది, కండరం బిగుసుకుని సరిగా సడలలేదు, రక్తం వెనక్కి నిలిచిపోయి ఊపిరితిత్తుల మీద భారం పడుతుంది.

టేర్ చూసినవి శవపరీక్షలో దొరికిన గుండెలు. బతికి ఉన్న గుండె గోడ మందాన్ని కొలిచే సాధనం మరో దారిలో వచ్చింది. 1953లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఇంగే ఎడ్లర్ అనే వైద్యుడూ, హెల్ముట్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడూ కలిసి, లోహాలలో పగుళ్ళు కనిపెట్టే అతిధ్వని యంత్రాన్ని ఒక ఓడల కర్మాగారం నుంచి అరువు తెచ్చి మనిషి గుండె మీద ప్రయోగించారు. నేడు మీ వీధి చివరి స్కానింగ్ సెంటర్‌లో కనిపించే ఎకో యంత్రానికి మూలపురుషుడు అదే. అది పశువైద్యశాలలకు చేరేటప్పటికి మరికొన్ని దశాబ్దాలు గడిచాయి. ఈలోగా న్యూయార్క్‌లోని యానిమల్ మెడికల్ సెంటర్ వైద్యులు టిల్లీ, లియూ, వారి సహచరులు 1977లో పిల్లుల హృదయ కండర వ్యాధి గురించి వివరంగా రాశారు. మనిషి జబ్బును అర్థం చేసుకోవడానికి పిల్లి జబ్బు ఒక నమూనా కాగలదని శీర్షికలోనే సూచించారు.

అయితే ఆ కాలంలో పిల్లులను ఎక్కువగా బలిగొన్నది మందమైన గుండె కాదు, సాగి పలచబడిన గుండె. ఆ కథ మరింత ఆసక్తికరమైనది. మన వంటింటికి సంబంధించినది కూడా.

1827లో ఇద్దరు జర్మన్ శాస్త్రజ్ఞులు, టీడెమన్, గ్మెలిన్, ఎద్దు పైత్యరసం నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. లాటిన్‌లో ఎద్దును టారస్ అంటారు కనుక దానికి టారిన్ అనే పేరు నిలిచింది. తర్వాత నూటయాభై ఏళ్ళపాటు దానిని ఎవరూ అంతగా పట్టించుకోలేదనే చెప్పాలి. 1975లో హేస్, కేరీ, ష్మిట్ అనే పరిశోధకులు పాలలోని కేసీన్ అనే మాంసకృత్తుతో తయారుచేసిన ఆహారం తిన్న పిల్లులకు కంటి వెనుక పొర క్షీణించి చూపు పోతున్నదనీ, దానికి కారణం టారిన్ కొరత అనీ చూపించారు. మనిషి శరీరం టారిన్‌ను కొంత తానే తయారు చేసుకోగలదు. పిల్లికి ఆ శక్తి చాలా తక్కువ. పైగా దాని కాలేయం పైత్యరస లవణాల తయారీకి టారిన్‌నే వాడుకుంటుంది, మనలాగా గ్లైసిన్‌తో సరిపెట్టుకోలేదు. రోజూ ఖర్చవుతూనే ఉంటుంది, తిండితోనే భర్తీ కావాలి.

కంటితో ఆగిపోయిందనుకున్న ఈ సంగతిని గుండెకు ముడిపెట్టినవాడు కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయానికి చెందిన పశుహృద్రోగ వైద్యుడు పాల్ పియాన్. సహచరులు కిటిల్‌సన్, రోజర్స్, మోరిస్‌లతో కలిసి 1987లో సైన్స్ పత్రికలో అతడు ప్రకటించిన వ్యాసం చిన్నదే. గుండె సాగిపోయిన 21 పిల్లుల రక్తంలో టారిన్ తక్కువగా ఉంది. టారిన్ ఇవ్వగా వాటి గుండె తిరిగి కోలుకుంది. హృదయ కండర వ్యాధి అంటే తిరిగిరాని దారి అని నమ్మిన రోజులవి. విచిత్రమేమిటంటే ఆ పిల్లులు పస్తులున్నవి కావు. డబ్బాలలో అమ్మే ఆహారాన్ని, నాటి ప్రమాణాల ప్రకారం తయారైనదాన్నే, కడుపునిండా తిన్నవి. ప్రమాణమే తప్పు. తయారీదారులు టారిన్ మోతాదు పెంచారు. వేలకొద్దీ పిల్లులను చంపిన జబ్బు కొద్ది ఏళ్ళలోనే అరుదైపోయింది. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత స్పష్టమైన ఫలితం వచ్చిన సందర్భాలు వైద్యచరిత్రలో ఎన్నో లేవని నా అభిప్రాయం.

మన ఇళ్ళలో పిల్లికి పాలన్నం, పెరుగన్నం పెట్టి పెంచే అలవాటు ఇంకా ఉంది. శాకాహార గృహాలలో అది ప్రేమతో చేసే పనే. కానీ అన్నంలో టారిన్ లేదు, పాలలో పిల్లికి సరిపడా లేదు. పెరట్లో ఎలుకలనూ పిట్టలనూ పట్టుకు తినే పిల్లి ఆ లోటు తానే తీర్చుకుంటుంది. తలుపులు మూసిన అపార్ట్‌మెంట్‌లో పెరిగే పిల్లికి ఆ అవకాశమెక్కడిది? చేపగానీ మాంసంగానీ ఉడికించి పెట్టేవారు ఆ ఉడికిన నీటిని పారబోయరాదు. టారిన్ నీటిలోకి దిగిపోతుంది.

సాగిన గుండె తగ్గుముఖం పట్టాక మిగిలినది మందమైన గుండె. ఇది తిండితో వచ్చేది కాదు. 1999లో కిటిల్‌సన్ బృందం మెయిన్ కూన్ జాతి పిల్లులలో ఇది వంశపారంపర్యంగా వస్తున్నదని నిరూపించింది. 2005లో క్యాథరిన్ మ్యూర్స్ బృందం దోషమున్న జన్యువును పట్టుకున్నది. దాని పేరు ఎంవైబీపీసీ3; గుండె కండరపు పోగులను క్రమంలో ఉంచే ఒక ప్రోటీన్‌కు అది మూలం. రెండేళ్ళ తర్వాత రాగ్‌డాల్ జాతిలోనూ అదే జన్యువులో మరొక దోషం కనిపించింది. జాతి పిల్లులకే పరిమితమని మాత్రం అనుకోవద్దు. ఇంగ్లండ్‌లో ఆశ్రయ కేంద్రాలలోని 780 ఆరోగ్యవంతమైన పిల్లులను పరీక్షించి 2015లో ప్రకటించిన అధ్యయనంలో దాదాపు 15 శాతం పిల్లులకు ఈ జబ్బు ఉన్నట్లు తేలింది.

ఈ జన్యువు పేరు హైదరాబాదుకు కొత్తది కాదు. 2009లో సీసీఎంబీ శాస్త్రజ్ఞుడు తంగరాజ్ తదితరులు నేచర్ జెనెటిక్స్‌లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, దక్షిణాసియా ప్రజలలో సుమారు 4 శాతం మందిలో ఇదే ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాల ముక్క ఒకటి లోపించి ఉంటుంది. ఉన్నవారందరికీ జబ్బు వస్తుందని కాదు. ముప్పు పెరుగుతుంది, అదీ ఎక్కువగా వయసు మళ్ళిన తర్వాత. కుటుంబంలో చిన్నవయసులో హఠాన్మరణాలు జరిగి ఉంటే మాత్రం మిగిలినవారు ఎకో తీయించుకోవడం అవసరం. పిల్లి జబ్బు మనకు అంటుకుంటుందా అని అడిగేవారికి సమాధానం: అంటుకోదు. దోషాలు వేరు, జన్యువు ఒక్కటే.

ఇక ఇంట్లో అటువంటి పిల్లి ఉన్నవారి సంగతి. గోడ మందమైనా ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ లేకుండా బతికే పిల్లులు చాలా ఉన్నాయి. చేయగలిగిన అతి విలువైన పని ఖర్చులేనిది. పిల్లి గాఢంగా నిద్రించేటప్పుడు ఛాతీ ఎన్నిసార్లు లేచి పడుతున్నదో ఒక నిమిషం లెక్కపెట్టి, తేదీతో రాసి ఉంచండి. సాధారణంగా 30కి లోపు ఉంటుంది. అంకె రోజురోజుకూ పెరుగుతూ 30 దాటి నిలిస్తే ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నదని అనుమానించాలి. పిల్లి కుక్కలా నోరు తెరచి రొప్పడం మామూలు విషయం కాదు, తెల్లవారేదాకా ఆగరాదు. వైద్యుడు ఫ్యూరోసమైడ్ ఇస్తాడు. మన లాసిక్స్ అదే.

రెండవ భయం రక్తపు గడ్డ. ఉబ్బిన కర్ణికలో ఏర్పడిన గడ్డ బృహద్ధమని చివరకు కొట్టుకుపోయి చిక్కుకుంటే వెనుక కాళ్ళు క్షణాలలో చచ్చుబడి చల్లబడతాయి. పిల్లి బాధతో అరుస్తుంది. దశాబ్దాలపాటు దీనికి ఆస్పిరిన్ ఇచ్చేవారు. ఒకసారి ఈ గండం గడిచిన 75 పిల్లులపై జరిగిన అధ్యయనం 2015లో వెలువడింది. మళ్ళీ గడ్డ కట్టడానికి పట్టిన మధ్యస్థ కాలం ఆస్పిరిన్‌తో 192 రోజులు, క్లోపిడోగ్రెల్‌తో 443 రోజులు. మనుషుల 75 మిల్లీగ్రాముల మాత్రలో నాలుగో వంతు పిల్లికి వాడుక మోతాదు. మాత్ర చేదు, పిల్లి నురగలు కక్కుతుంది. ఖాళీ గొట్టంలో పెట్టి మింగిస్తే కొంత నయం. ఇది చదివి మీ అలమరలోని మాత్ర విరవకండి. నేను మనుషుల వైద్యుణ్ణి, మోతాదు నిర్ణయించవలసినది పశువైద్యుడు. పారాసిటమాల్ మాత్రం ఎంత చిన్న ముక్కైనా ఇవ్వరాదు, అది పిల్లికి ప్రాణాంతకం.

గోడ మందాన్నే తగ్గించే మందు కోసం అన్వేషణ సాగుతోంది. మూత్రపిండాల మార్పిడి జరిగిన మనుషులకు ఇచ్చే సిరోలిమస్‌ను, లక్షణాలు ఇంకా బయటపడని పిల్లులకు వారానికొకసారి ఇచ్చేందుకు 2025 మార్చిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ షరతులతో అనుమతించింది. పూర్తి అనుమతికి దాని సామర్థ్యం ఇంకా రుజువు కావలసి ఉంది.