సముద్రగర్భమున విద్యుత్పథము

సేతుబంధనకథ తెలుగువారికి క్రొత్త కాదు. సముద్రము అడ్డువచ్చినపుడు దానిపై వారధి కట్టవలెనని తలచుట మానవునకు సహజము. కాని ఇరువదవ శతాబ్దమున కంటికి కానరాని మరియొక సేతువు వెలసినది. అది నేలలో పూడ్చిన, నీటి అడుగున పరచిన విద్యుత్ కేబులు. నేడు వందలకొలది కిలోమీటర్లు సాగుచున్న ఇట్టి మార్గములకు మూలమెక్కడ అని విచారించినచో చరిత్ర రెండు ప్రారంభములను చూపుచున్నది. ఒకటి భయమునుండి పుట్టినది. రెండవది బాధ్యతనుండి పుట్టినది. వీనిలో ఏది నిలిచినదో తెలిసికొనుట శాస్త్రజ్ఞులకే గాక పరిపాలకులకును ఉపకరించును.

విద్యుద్దీపములు వచ్చిన తొలినాళ్ళలో కొన్నిచోట్ల తీగలు నేలలోనే ఉండెడివి. 1882లో ఎడిసన్ న్యూయార్కునందలి పెర్ల్ వీధి కేంద్రమునుండి దీపములు వెలిగించినపుడు వీధుల క్రిందనే తీగలు పూడ్పించెను. అది వాడుకలో డి.సి. అని పిలువబడు ఏకముఖ విద్యుత్తు. దాని వోల్టేజి స్వల్పమగుటచే ఒకటి రెండు మైళ్ళు పోవునప్పటికే శక్తి క్షీణించెడిది. పిమ్మట వచ్చిన ఎ.సి. విద్యుత్తు ఈ చిక్కును తీర్చినది. ట్రాన్స్‌ఫార్మరు సహాయమున దాని వోల్టేజిని పెంచి దూరమునకు పంపి, అచట మరల తగ్గించుకొనవచ్చును. 1891లో జర్మనీయందు లౌఫెన్ నుండి ఫ్రాంక్‌ఫర్టు వరకు సుమారు 175 కిలోమీటర్లు ఈ విధమున శక్తిని నడిపించి చూపిరి. నాటినుండి స్తంభములపై తీగలు దేశదేశములను అల్లుకొనినవి.

కాని నడిసముద్రమున స్తంభములు నాటుట ఎట్లు? కేబులునే పరచవలెను. అచ్చటనే ఎ.సి. ఓడిపోయినది. కేబులు నడుమ రాగి తీగ, దానిచుట్టు నూనెలో నానిన కాగితపు పొరలు, వానిపై సీసపు తొడుగు ఉండెడివి. ఇట్టి నిర్మాణము తనలో కొంత విద్యుత్తును నింపుకొను స్వభావము కలది. ఎండిన కాలువకు నీరు వదలినపుడు ముందుగా కాలువ నిండవలెను. ఆ తరువాతనే చివరి పొలమునకు నీరు చేరును. డి.సి. విద్యుత్తు కాలువను ఒక్కసారి నింపి ఊరకుండును. ఎ.సి. యన్ననో, సెకనుకు 50 పర్యాయములు నింపుచు, తోడుచు, ఎదురుదిశలో మరల నింపుచు ఉండును. కొన్ని పదుల కిలోమీటర్లు దాటునప్పటికి కేబులు సత్తువ అంతయు ఈ నింపుటకే వ్యయమగును. ఆవలి గట్టునకు చేరవలసినది మిగులదు. భూమిపైనైనచో నడుమ నడుమ తగిన యంత్రములు నిలిపి లోపమును సవరింపవచ్చును. సముద్రమధ్యమున ఆ వీలు లేదు.

కావున ఎ.సి.గా పుట్టిన శక్తిని ఈవలి తీరమున డి.సి.గా మార్చి, ఆవలి తీరమున మరల ఎ.సి.గా మార్చవలెను. దానికి కావలసినది విద్యుత్తును ఒకే దిశలో పోనిచ్చు కవాటము. పాదరసపు ఆవిరితో పనిచేయు కవాటములు అప్పటికే ఉన్నను, అధిక వోల్టేజి వద్ద అవి మాట వినెడివి కావు. మూసికొనవలసిన క్షణమున విద్యుత్తు వెనుకకు దూకెడిది. స్వీడను దేశమున ఎ.ఎస్.ఇ.ఎ. సంస్థయందు ఇంజనీరైన ఊనో లామ్ ఈ సమస్యను చేపట్టెను. కవాటము లోపల కొన్ని లోహపు ధ్రువములను వరుసగా అమర్చి, వోల్టేజి భారమును వానికి పంచుట ఆయన ఉపాయము. దానికి 1929లో పేటెంటు పొందెను. ఆలోచన ఒక సంవత్సరమున పుట్టినను, అది నమ్మదగిన యంత్రముగా రూపొందుటకు రెండు దశాబ్దములకు మించి పట్టినది.

ఇంతలో ప్రపంచయుద్ధము వచ్చినది. 1941లో జర్మనీయందు ఎల్బె నదీతీరముననున్న ఫోకెరోడె కేంద్రమునుండి బెర్లినునకు 115 కిలోమీటర్ల మేర 60 మెగావాట్ల డి.సి. మార్గమును నిర్మింప సంకల్పించిరి. తీగలు నేలలో పూడ్చినచో బాంబులు వేయువారికి కనబడవనునది అందుకు చెప్పిన కారణములలో ఒకటి. 1945లో యుద్ధము ముగిసినది. మార్గము మాత్రము నిత్యసేవలో ప్రవేశింపనే లేదు. విజేతలైన సోవియెట్లు యంత్రములను, కేబులులను ఊడదీసి తమ దేశమునకు తరలించి, 1951లో కాషీరా, మాస్కోల నడుమ ప్రయోగమార్గమునకు వినియోగించుకొనిరి. శత్రువు కంటబడరాదని పూడ్చిన తీగలు తుదకు శత్రువుకే దక్కినవి.

రెండవ ప్రారంభము గోట్లాండు ద్వీపమునకు సంబంధించినది. ఈ ద్వీపము బాల్టిక్ సముద్రమున స్వీడను తూర్పుతీరమునకు దాదాపు 90 కిలోమీటర్ల దూరమున ఉన్నది. ప్రధానభూమియందు నదులును, జలపాతములును సమృద్ధి; అచట జలవిద్యుత్తు చవుక. సున్నపురాతి నేలయగు గోట్లాండున అట్టి నదులు లేవు. ఓడలపై తెచ్చుకొనిన ఇంధనముతో ఆవిరియంత్రములు నడుపుకొనవలెను. ఒకే రాజ్యమున పౌరులై యుండియు ద్వీపవాసులు విద్యుత్తునకు అధికమైన వెల చెల్లింపవలసి వచ్చెడిది. వారి సంఖ్య సుమారు 60,000. అంత కొద్దిమంది కొరకు, లోకమున అప్పటికి నిత్యవ్యాపారమున నిలువని పద్ధతిని నమ్మి, సముద్రమున సొమ్ము పోయవచ్చునా అనునది నాటి ప్రశ్న. స్వీడను ప్రభుత్వ విద్యుత్సంస్థ పోయవచ్చుననియే నిర్ణయించినది. 1950లో యంత్రములకు ఉత్తరువు ఇచ్చినది.

1954లో మార్గము పనిచేయ నారంభించినది. ప్రధానభూమిపై వెస్టెర్విక్ పట్టణమునుండి ద్వీపమున విస్బీ సమీపమునగల ఇగ్నె వరకు సుమారు 98 కిలోమీటర్ల కేబులు; 100 కిలోవోల్టులు; 20 మెగావాట్లు. పొదుపు కొరకు ఒకే కేబులును పరచిరి. విద్యుత్తు తిరిగి వచ్చుటకు రెండవ తీగ లేదు. ఉప్పునీటి సముద్రమే తిరుగుదారియైనది. అడ్డమని తలచిన సముద్రమునే మార్గమున సగముగా చేసికొనుట ఈ నిర్మాణమున మెచ్చదగిన విశేషము.

20 మెగావాట్లు నేటి లెక్కలలో అత్యల్పము. అయినను లోకమునకు కావలసిన నిదర్శనము దానితో లభించినది. 1961లో ఇంగ్లీషు ఛానలు క్రింద ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములు కలిసినవి. 1965లో న్యూజీలాండు తన రెండు ప్రధానద్వీపములను కుక్ జలసంధి అడుగున కలిపికొనినది. 1970లో గోట్లాండు మార్గమునందే పాదరస కవాటములకు తోడుగా థైరిస్టరు కవాటములను చేర్చిరి. తొలి కేబులు 1986 వరకు సేవచేసి విశ్రమించినది. అప్పటికే దాని స్థానమున క్రొత్త కేబులు సిద్ధముగా ఉన్నది. 2023 తుదిలో ఇంగ్లండు, డెన్మార్కుల నడుమ ప్రారంభమైన మార్గము పొడవు సుమారు 765 కిలోమీటర్లు. దాని శక్తి 1,400 మెగావాట్లు.

గోట్లాండు కథయందు మరియొక మలుపు కలదు. ద్వీపమున గాలిమరలు వర్ధిల్లుటచే 1999లో దక్షిణమునగల నెస్ నుండి విస్బీ ప్రాంతమునకు 70 కిలోమీటర్లు నేలలో కేబులులు పూడ్చి 50 మెగావాట్ల డి.సి. మార్గమును నెలకొల్పిరి. వెలుగు కొరకు చేయి చాచిన ద్వీపము తానే శక్తిని పండించి పంచు స్థితికి వచ్చినది.

భారతదేశమునందును ఈ విద్య వేళ్ళూనినది. 1989లో ఆంధ్రప్రదేశమునందలి దిగువ సీలేరు నుండి బస్తరులోని బర్సూరు వరకు స్తంభములపై డి.సి. మార్గమును ప్రయోగాత్మకముగా నడిపిరి. 2021లో ప్రారంభమైన పుగళూరు–త్రిశూరు మార్గమున, 2,000 మెగావాట్లను మోయు తీగలు కేరళయందు కొంతదూరము నేలలోనే సాగినవి.

అయితే గోట్లాండును అన్నిటికంటె ఎక్కువగా తలపునకు తెచ్చునది బొంబాయి రేవులోని ఎలిఫెంటా ద్వీపము. మహానగర దీపములు కన్నులయెదుట వెలుగుచుండ, అచటి మూడు గ్రామములవారు సాయంకాలము కొన్ని గంటలు నడచు జనరేటరుతో తృప్తిపడవలసి వచ్చెడిది. 2018 ఫిబ్రవరిలో సముద్రము అడుగున పరచిన దాదాపు 7.5 కిలోమీటర్ల కేబులుతో వారికి నిత్యవిద్యుత్తు లభించినది. దూరము స్వల్పమగుటచే ఎ.సి. యే చాలినది, పరివర్తక కేంద్రములతో పని లేకపోయినది. శాస్త్రము ఎన్నడో సిద్ధముగా ఉన్నది. స్వాతంత్ర్యము వచ్చిన 70 సంవత్సరములకు గాని సంకల్పము సిద్ధింపలేదు.

కాలువ త్రవ్వినవాని ప్రజ్ఞ తలతూము వద్ద తెలియదు. చివరి పొలమున తెలియును. బెర్లిను మార్గమును దాచుటకు కట్టిరి. అది ఎవరికిని ఉపయోగపడకయే పోయినది. గోట్లాండు మార్గమును 60,000 మందికి అందించుటకు కట్టిరి. అది లోకమునకంతటికి దారి చూపినది.