రోడ్డు లెక్కల్లో పల్లె

రోడ్డు వేస్తే అందరూ నడుస్తారు గదా, రోడ్డుకు కులమేమిటి అని అడిగేవాళ్లు మన మేష్టర్లలో కూడా ఉన్నారు. రోడ్డుకు లేకపోవచ్చు. రోడ్డు ఎక్కడ వెయ్యాలో తేల్చే లెక్కకు మాత్రం ఉంది. పల్నాడును ఎదురుగా పెట్టుకుని ఆ లెక్కను విప్పి చూద్దాం.

ముందు నడిచే హక్కు సంగతి. పల్నాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1924లో, రెట్టమలై శ్రీనివాసన్ అక్కడి శాసనమండలిలో తీర్మానం పెట్టి బాటలూ బావులూ అంటరానివాళ్లకూ తెరవాలనిపించాడు. 1938లో అదే మాటకు మద్రాసులో చట్టం చెయ్యాల్సి వచ్చింది. 1950 నాటి రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువుల పక్కన రోడ్లను కూడా పేరుపెట్టి రాసింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం దారి హక్కును అడ్డుకోవటాన్ని నేరం చేసింది. అరవై అయిదేళ్లలో ఒక్క మాటను నాలుగుసార్లు రాయాల్సి వచ్చిందంటే ఆ మాట ఎంతవరకు అమలయిందో చెప్పక్కర్లేదు.

ఇక రోడ్డు వేసిన చేతుల సంగతి. 1876-78 కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా రోడ్లు, కాలవలు, చెరువుల పనులు ఆకలిగొన్నవాళ్ల చేత చేయించారు. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ కూలీ తగ్గించాడు: పెద్దమగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఈ తిండితో పనిచేసే ఒళ్లు నిలవదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గొడవపడితే మే నెలలో కాస్త పెంచారు. రోడ్డు అంచనాలో కూలివాడి కడుపు ఖర్చు ఖాతాలోనే కనిపిస్తుందనటానికి ఇంతకంటే పాత సాక్ష్యం వెతకనక్కర్లేదు.

1943 డిసెంబరులో నాగపూరులో చీఫ్ ఇంజనీర్లు సమావేశమై ఇరవై ఏళ్ల రోడ్ల ప్రణాళిక తయారుచేశారు. సాగు బాగున్న ప్రాంతంలో ఏ గ్రామమూ పెద్దరోడ్డుకు అయిదు మైళ్లకు మించి ఉండకూడదన్నారు. ‘సాగు బాగున్న’ అన్న మాట గమనించాలి. అప్పటి పల్నాడు మెట్టనేల. సాగర్ కుడికాలవకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. అంటే కొలబద్ద మొదట్నుంచీ పొలమే. పొలం ఎవరిదన్న ప్రశ్న అందులో లేదు.

తర్వాత ప్రపంచబ్యాంకు లెక్క వచ్చింది. ఇది కొంచెం ఓపిగ్గా చూడాలి. కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ 1977-82 మధ్య మన వాహనాల ఖర్చును రోడ్ల మీద కొలిచింది. అలాంటి కొలతలతోనే బ్యాంకు 1987లో తన హైవే నమూనా మూడో రూపాన్ని అచ్చువేసింది. అసలు సూత్రం తేలికే. రోడ్డు వెయ్యటానికి, మరమ్మతుకు అయ్యేది ఖర్చు. డీజిలు, టైర్లు, విడిభాగాలు, ప్రయాణ సమయంలో మిగిలేది లాభం. రాబోయే ఏళ్ల లాభాన్ని ఏటా పది, పన్నెండు శాతం చొప్పున తరుగుకట్టి ఖర్చుతో పోలుస్తారు. మాట వరసకు, పది కిలోమీటర్ల రోడ్డు మీద రోజూ వంద లారీలు, కిలోమీటరుకు రెండు రూపాయలు మిగిలితే ఏడాదికి 7,30,000 రూపాయల లాభం. అదే రోడ్డున మూడు వందలమంది ఆడవాళ్లు మిరపకోతకు నడిచిపోతే? టైరు లేదు, డీజిలు లేదు, సాధారణంగా సున్నా.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 మార్గదర్శకాల్లో కారుకు 1, సైకిలుకు అర, లారీకి 3, ఎద్దుబండికి 8 అని కట్టారు. గౌరవమనుకునేరు, రోడ్డును ఎంత అడ్డుకుంటుందో ఆ కొలత. నెత్తిన మూటతో నడిచే మనిషికి ఆ పట్టికలో అంకె లేదు, అడ్డంగా కూడా.

లారీలు తక్కువైనచోట ఇంకో పద్ధతి వాడతారు: రోడ్డు వల్ల రైతుకు పంట మీద మిగిలేది ఎంత పెరుగుతుంది? ఇది కొంత నయమే. కానీ అమ్మటానికి పంట ఉండాలి గదా. పల్లె అమ్మేది రెక్కలు.

రోడ్డు వద్దని నేననటం లేదు. రోడ్లు లారీల కోసమే అనే మిత్రులతో ఏకీభవించను. ఊరి ఆసామి చెప్పిన కూలికి తలూపకుండా పక్క ఊరికి పోగలగటం, పిల్ల బస్సెక్కి నరసరావుపేట కాలేజీకి పోవటం, 2005 తర్వాత 108 బండి గుమ్మం దాకా రావటం చిన్న విషయాలు కావు. కానీ ఇవేవీ ఆ లాభంలో లెక్కకు రావు.

2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన గ్రామాన్ని కాక ఆవాసాన్ని యూనిట్ చేసింది, మైదానాల్లో 500 జనాభాతో. పల్లెకు మేలు జరగాల్సిన మార్పు. అయితే పక్కా రోడ్డుకో, రోడ్డున్న ఆవాసానికో 500 మీటర్ల లోపుంటే రోడ్డు ఉన్నట్టే లెక్క. మాలపల్లె, మాదిగపల్లె ఊరికి ఎంత దూరంలో ఉంటాయి? పిలిస్తే పలికేంత దూరంలో, ముట్టుకోనంత దూరంలో. అంటరానితనం కొలిచిపెట్టిన ఆ దూరమే ఇక్కడ ‘రోడ్డుంది’ అనటానికి సాక్ష్యమైంది.

2013 ఎస్సీ ఉపప్రణాళిక చట్టంలో ఇంకో మెలిక. విడదీయటానికి వీల్లేని మౌలిక సదుపాయాల పనుల్లో ప్రభుత్వం నిర్ణయించిన వాటా ఎస్సీల కోసం ఖర్చయినట్టు భావించవచ్చు. పల్లె బురదలో ఉన్నా పెద్దరోడ్డు ఖర్చులో కొంత దాని పద్దులో పడవచ్చన్నమాట. పల్నాడు 2022లో వేరే జిల్లా అయింది. ఈ పద్దులను పల్లెల పేర్లతో విడివిడిగా ఇమ్మని సమాచార హక్కు కింద నరసరావుపేటలోనే అడగవచ్చు, 500 మీటర్లు ఎక్కడ మొదలుపెట్టి కొలిచారో కూడా.